నన్ను ఎవరూ పంపలేదు

ఇది ఇంతకాలం ఎందుకు రాయలేదని అడిగితే, నాకు రాయడం రాదు కాబట్టి అని ఒక్క మాటలో చెప్పవచ్చు. కానీ అట్లా చెబితే అదేదో పుట్టుకతో వచ్చిన లోపంలా వినిపిస్తుంది. అందుకే అది ఎట్లా జరిగిందో కూడా చెబుతాను. శామీర్‌పేట దగ్గర మా తల్లిగారి ఊళ్లో బడికి ఇల్లు లేక, మా ఇంటి అరుగు మీదనే బడి నడిచేది. పొద్దున్నే ఆ అరుగు ఊడ్చి పేడనీళ్ల సాన్పు చల్లేది నేను. సారు తాగే నీళ్ల చెంబు నింపేది నేను. మధ్యాహ్నం ఆయన తిన్న పళ్లెం తోమేది నేను. ఊళ్లోని మగపిల్లలంతా మా ఇంటికి వచ్చి చదువుకున్నారు. ఆ ఇంట్లో పుట్టిన నేను బర్రెల వెంట పోయాను. బడి దూరమని ఎవరూ అనలేదు, అనడానికి వీలు లేదు కాబట్టి. "ఆడిపిల్ల, సదువుకోని ఏం జేస్తది" అన్నారు. దానికి జవాబు వాళ్లకు అక్కర లేదు.

నలభై దాటాక అక్షరాలు నేర్చుకున్నాను. అదీ ఒకరు నేర్పాలనుకుని కాదు. తొంభైలలో ఊరూరా సాయంత్రం బడులు పెట్టినప్పుడు, మా బావ, అంటే మా ఆయన అన్న, అప్పుడప్పుడే రాజకీయాల్లో తిరుగుతున్నాడు. పై నుంచి అధికారులు వస్తున్నారంటే మా ఇంటి ఆడవాళ్లను ముందు వరుసలో పలకలతో కూర్చోబెట్టి ఫోటో తీయించాడు. కొన్ని నెలలకు ఆ బడి మూతపడింది. అప్పటికి నాకు అక్షరాలు కూడబలుక్కోవడం వచ్చింది. మిగిలింది బస్సుల మీది బోర్డులు, గోడల మీది రాతలు చూసి నేర్చుకున్నాను. నా బతుకులో నేను సొంతంగా చదివిన మొదటి పూర్తి వాక్యం మా పల్లికాయ చేనులో పాతిన బోర్డు మీద ఉంది. ఇచ్చట ప్లాట్లు అమ్మబడును. చేను అమ్మేశారని నాకు ఇంట్లో ఎవరూ చెప్పలేదు. బోర్డు చెప్పింది.

అక్షరాలు వచ్చాక కూడా ఇది రాయలేదు, ఎందుకంటే మా బావ ఉన్నాడు, ఒకే ఇంట్లో ఉన్నాం. పోయిన ఏడు ఆయన సంవత్సరీకం పెట్టారు. షామియానా కింద ఒక పెద్దమనిషి మైకు పట్టుకుని, "ఆ రోజుల్లోనే సొంత మరదలిని నేపాల్ యాత్రకు పంపిన గొప్ప మనసు" అన్నాడు. జనమంతా తిరిగి నన్ను చూశారు. నేను కొంగుతో కళ్లు తుడుచుకుంటానని చూశారు. నాకు కళ్లలో నీళ్లు రాలేదు. చెవులు కాలాయి. విస్తరి ముందు నుంచి లేచి ఇంటికి వచ్చి కాగితం తీశాను.

ఆయన నన్ను పంపలేదు. ఏం జరిగిందో చెబుతాను.

మా అత్తగారి ఊరు మేడ్చల్ పక్కన. పెద్ద ఇల్లు, చాలా భూమి. ఆ ఇంటి ఆడవాళ్లు రోడ్డు మీద నడవరు. ఇది ఎవరూ కూర్చోబెట్టి చెప్పలేదు, కానీ ఇంట్లో పని చేసేవాళ్లకు కూడా తెలుసు. నేను కాపురానికి వచ్చినప్పుడు గూడు బండి ఉండేది. తర్వాత జీపు వచ్చింది, ఆ తర్వాత కారు. పెళ్లయిన ఏడాదికి మా నాయినకు జ్వరం బాగా ముదిరిందని కబురు వస్తే, అప్పుడు బండి ఇంట్లో లేదు. నేను చెప్పులు వేసుకుని శామీర్‌పేట దారి పట్టాను. చిన్నప్పటి నుంచి నడిచినదాన్ని, నాకు అదేం దూరం కాదు. సగం దారిలో బండి వెనక నుంచి వచ్చి నన్ను ఎక్కించుకుని ఇంటికే తిప్పింది. మా అత్త వాకిట్లో నిలబడి ఉంది.

"కాలినడకన పోతవానె? మన ఎడ్లు సచ్చినయనుకోవాల్నా ఊరోళ్లు?" అంది.

మా నాయినను మర్నాడు చూశాను, బండిలో వెళ్లి, తోడుగా ఇద్దరు మనుషులతో. మా పొలాల్లో నాట్లు వేసే ఆడవాళ్లు రోజూ అదే దారిలో నడిచి వచ్చేవాళ్లు. వాళ్లను చూసి ఎన్నోసార్లు నాకు కుళ్లు పుట్టింది. ఈ మాట వాళ్లతో అంటే నవ్వేవాళ్లు, కొట్టినా కొట్టేవాళ్లు. వాళ్ల కష్టం నాకు తెలుసు. అయినా పుట్టింది.

రెండువేల తర్వాత నాకు షుగర్ వచ్చింది. మేడ్చల్‌లో డాక్టరు రోజూ నడవమన్నాడు. ఆ మాట మా ఆయన ఇంటికి వచ్చి చెబితే, మా బావ అన్నం తింటూ తీర్పు ఇచ్చాడు. "మిద్దె మీద తిరుగుమను. గాలి గూడ మంచిగొస్తది."

కాబట్టి నేను మిద్దె మీద తిరిగాను. నీళ్ల ట్యాంకు చుట్టూ, బట్టలు ఆరేసిన తీగల కింద వంగుతూ, ఒక మూల నుంచి ఇంకో మూలకు. గాలి మళ్లిన రోజున పట్నం చెత్తంతా పోసే జవహర్‌నగర్ వాసన ముక్కు పగలగొట్టేది. ఇదీ బావ చెప్పిన మంచి గాలి. మా బావ భార్య, నా యారాలు, మెట్ల మీద కూర్చుని పప్పు ఏరుతూ నన్ను చూసి నవ్వేది.

"చెల్లె, ట్యాంకుకు మొక్కుకున్నవా ఏంది? గిన్ని చుట్లు తిరుగుతున్నవు?"

ఒకరోజు మధ్యాహ్నం అందరూ పడుకున్నప్పుడు వెనక తలుపు తీసుకుని బయటికి నడిచాను. ఇంటి వెనకే మా పాత చేను. ఇప్పుడు దాని చుట్టూ గోడ, గోడకు గేటు, లోపల కొన్ని ఇళ్లు లేచాయి, మిగతావి రాళ్లు పాతిన ప్లాట్లు. గేటు దగ్గర నేపాలీ వాచ్‌మన్ ఆపాడు.

"కిధర్ జానా మాతాజీ? ఎవరింటికి?"

"ఎవరింటికి లేదు. ఇది మా చేను" అన్నాను.

అతను నన్ను పైనుంచి కిందికి చూశాడు. పిచ్చిది అనుకున్నట్టున్నాడు. నేను కలుపు తీయించిన నేల మీద అడుగు పెట్టడానికి నన్ను ఒకడు అడ్డుకుంటున్నాడు, తప్పు అతనిది కూడా కాదు. అయినా అక్కడి నుంచి కదల్లేదు. అప్పుడు గేటు పక్కని చిన్న గదిలో నుంచి అతని భార్య వచ్చింది. వాళ్ల భాషలో అతనికి ఏదో చెప్పి గేటు తీసింది. తను కూడా నా పక్కన నడిచింది.

ఆమె చాలా ఏళ్లుగా ఇక్కడే ఉంది. ఇళ్లు కట్టే మేస్త్రీల ఆడవాళ్ల దగ్గర తెలుగు నేర్చుకుంది. నాకంటే బాగా చిన్నది, నన్ను అక్కా అనేది. నడకలో ఆమెకు ఒక తీరు ఉంది. చేతులు వెనక్కి కట్టుకుని, తొందర లేకుండా, ఒకే తీరుగా నడుస్తుంది. నాకు ఆయాసం వస్తుంటే ఆమె మాట్లాడుతూనే ఉంటుంది. రోజూ మధ్యాహ్నం వెళ్లడం మొదలుపెట్టాను.

"గిట్ల నడువుడు ఎక్కడ నేర్సినవు?" అని అడిగాను.

"మా ఊర్కి బస్సు రాదు అక్కా. బస్సు దిగి పొద్దుగాల నుంచి నడిస్తే పొద్దుగూకినంక ఊరొస్తది. తెల్లోళ్లు గూడ వస్తరు, మస్తు మంది. నడువనీకే వస్తరు."

"ఏ గుడికి?"

"గుడికి కాదు. ఊకెనే."

"ఊకెనే అంటే?"

"ఊకెనే అక్కా. నడుస్తరు, కొండ సూస్తరు, ఛాయ్ తాగుతరు, పండుకుంటరు. తెల్లారి మల్ల నడుస్తరు. అయిపోయినంక వాళ్లింటికి పోతరు."

నేను అక్కడే ఒక ప్లాటు రాయి మీద కూర్చున్నాను. నా బతుకులో నేను ఎక్కడికైనా ఊకెనే వెళ్లానా అని ఆలోచించాను. పెళ్లిళ్లకు వెళ్లాను, చావులకు వెళ్లాను, పురుళ్లకు వెళ్లాను, దవాఖానకు వెళ్లాను, మొక్కులు తీర్చడానికి వెళ్లాను. ఊకెనే ఒక్కసారి కూడా గడప దాటలేదు. ప్రపంచంలో కొంతమంది ఆ ఒక్క పని కోసం విమానాలు ఎక్కి వస్తున్నారు. అది విన్నప్పుడు నాకు సంతోషం కలగలేదు. ఒళ్లు మండింది. ఇన్నేళ్లు ఈ సంగతి నాకు ఎవరూ చెప్పలేదే అని మండింది.

వైశాఖంలో ఆమె చెల్లెలి పెళ్లి. ఆమె ఒక్కతే వెళుతోంది, భర్తకు సెలవు లేదు. "నువ్వు గూడ రా అక్కా. పెండ్లయినంక మా ఊరి మీదికెళ్లి, మంచుకొండ మొత్తం కనిపించే కాడికి తీస్కపోత" అంది. ఆమె మాట వరసకు అన్నదేమో నాకు తెలియదు. నేను మాత్రం ఆ క్షణాన్నే వస్తానన్నాను.

అప్పటి నుంచి మా మధ్యాహ్నాలు దానికే సరిపోయాయి. కట్టుబడి కోసం పోసిన ఇసుక కుప్పే మాకు నేపాల్. ఆమె మోకాళ్ల మీద కూర్చుని చేత్తో ఇసుకను తోసి కొండలు లేపింది, మధ్యలో లోయలు తవ్వింది. ఇటుక ముక్కలు ఊళ్లు. వైరు ముక్క ఏరు. వేలితో దారి గీసింది. ఇక్కడ ఛాయ్ దుకాణం, ఇక్కడ రాత్రి పడక, ఇక్కడ తాళ్ల వంతెన. నేను ఆ గీతను చూసి, "మొత్తం ఎంత దూరముంటది? మేడ్చల్ నుంచి కీసర దాక ఉంటదా?" అన్నాను. ఉండవచ్చు అంది. "గంతేనా! ఒక్క పూటల పోత" అన్నాను.

ఆమె నవ్వలేదు. నా చెయ్యి పట్టుకుని నా రెండు వేళ్లను ఇసుక కుప్ప అడుగున పెట్టి, ఎక్కమంది. రెండు వేళ్లూ కాళ్లలా ఎక్కాయి. ఇసుక జారింది, వేళ్లు కిందికి వచ్చాయి. మళ్లీ ఎక్కించింది, మళ్లీ జారాయి.

"మా దగ్గర ఎంత దూరమని అడగరు అక్కా. ఎంతసేపు ఎక్కుడు, ఎంతసేపు దిగుడు అని అడుగుతరు."

మాది చదును నేల. ఇక్కడ పుట్టిన మనిషికి దూరం అంటే అడ్డంగా పోయేదే. దూరం నిలువుగా కూడా ఉంటుందని నాకు అప్పుడు అర్థమైంది. రెండు రోజుల తర్వాత స్లాబు వేయడానికి కూలీలు వచ్చి మా నేపాల్‌ను తట్టలకెత్తుకుని పోయారు. అప్పటికి దారి నాకు కంఠతా వచ్చింది.

ఎక్కడం నేర్చుకోవాలి కదా. సోమవారాలు, శివుడి గుడి ఉన్న కీసరగుట్టకు వెళతానన్నాను. దేవుడి పేరు చెప్పలేదు, కీసరకు అన్నాను, అంతే. జీపు పైదాకా పోతుంది. నేను కిందనే దిగి నడిచి ఎక్కేదాన్ని, దిగేదాన్ని, మళ్లీ ఎక్కేదాన్ని. డ్రైవరు బీడీ కాల్చుకుంటూ చూసేవాడు. కాళ్లు పట్టేసేవి, గుండె కొట్టుకునేది, నాకు ఎంతో బాగుండేది. మేడ్చల్‌లో చెప్పుల దుకాణానికి వెళ్లి కాన్వాస్ బూట్లు అడిగితే, "స్కూలు పిల్లలకా అమ్మా? ఎన్నో క్లాసు?" అన్నాడు. నాకే అన్నాను. అతను లోపలికి వెళ్లి చెప్పులు తెచ్చాడు. మళ్లీ చెప్పాను. మళ్లీ చెప్పులే, ఈసారి ఇంకో రంగువి. చివరికి నేనే లేచి అరలో నుంచి తీసుకున్నాను.

సికింద్రాబాద్ నుంచి గోరఖ్‌పూర్ రైలుకు వాచ్‌మన్ మా ఇద్దరికీ ముందే టికెట్లు తెచ్చాడు. అప్పుడిక ఇంట్లో చెప్పాలి.

మా ఇంట్లో ఒక పద్ధతి ఉంది. భర్త అన్నతో మరదలు నేరుగా మాట్లాడకూడదు. ఎదురుగా ఉన్నా, వినిపిస్తున్నా, మధ్యలో ఇంకొకరు ఉండాలి. పెళ్లయిన నాటి నుంచి నేను ఆయనతో ఒక్క మాట నేరుగా అనలేదు. ఆయన అన్నం తింటుంటే, యారాలు వడ్డిస్తుంటే, నేను తలుపు పక్క నుంచి చెప్పాను.

"అక్కా, బావకు చెప్పు. వైశాఖంల నేను నేపాల్ పోతున్న."

"చెల్లె నేపాల్ పోతదంట" అంది ఆమె, ఆయన విననట్టు.

"ఎందుకంట?"

"ఎందుకు చెల్లె?"

"నడువనీకి."

"నడువనీకంట."

ఆయన చెయ్యి పళ్లెంలో ఆగింది. "నడువనీకా? మనింట్ల బండ్లు కరాబైనయా ఏంది? మొక్కున్నదేమో అడుగు. కీసర గుట్ట ఎక్కుడు దిగుడు అయితాందని డ్రైవరు జెప్పిండు. నేను గప్పుడే అనుకున్న."

"మొక్కేం లేదని చెప్పు" అన్నాను.

"మొక్కు లేకుంట గంత దూరం ఎట్ల పోతరు? ఎవరితోని పోతదంట?"

"వాచ్‌మన్ భార్యతోని."

"గూర్ఖా పెండ్లంతోనా!" ఆయన పెద్దగా నవ్వాడు. "మనింటి మనిషి గేటుకాడి దానితోని దేశాలు తిరుగుతదా? ఇంకింత కూర పెట్టు."

అదే జవాబు. కూర.

మా ఆయన చెడ్డవాడు కాదు. ఆ సాయంత్రం నా దగ్గరికి వచ్చి మెల్లగా చెప్పాడు. "నేపాల్ ముక్తినాథుని మొక్కు అనరాదానె. ఒక్క మాట. అన్న గూడ ఏమనడు, నేనే తోలుకపోత."

"లేని మొక్కు ఉన్నదని ఎందుకు జెప్పాలె?"

"అందరు గట్లనే జెప్తరు."

యారాలు ఇంకా తేటగా చెప్పింది. "నేను తిరుపతికి పోయినప్పుడల్లా మొక్కున్నదనే పోయిన. ఒక్క మొక్కు గూడ లేదు నాకు. ఇంట్లకెళ్లి బయట పడాలె గద! దేవునికి తెల్వదా? తెలుసు. ఊకుంటడు."

ఆమె ఆ మాట నవ్వుతూ అంది. నాకు నవ్వు రాలేదు. అంత తెలివైన మనిషి, ఇంత పెద్ద ఇల్లు నడిపే మనిషి, నాలుగు రోజులు ఊపిరి పీల్చుకోవడానికి దేవుడిని సాక్షిగా పెట్టి అబద్ధం ఆడాలి. అది ఆమెకు తప్పుగా కూడా తోచదు. నేను అబద్ధం ఆడితే దారి తెరుచుకుంటుందని నాకు తెలుసు. కానీ అప్పుడు కొండ ఎక్కేది నేను కాదు, మొక్కు ఎక్కుతుంది. నేను దాని వెంట పోయిన తోడు మాత్రమే అవుతాను. ఆడనన్నాను.

తర్వాత మా బావ ఒక పని చేశాడు. ఎన్నికలు వచ్చాయి. ఆయన పార్టీ తరఫున ఊళ్లో తిరుగుతున్నాడు. ఒక సభలో, ఎన్నికలు కాగానే ఊరి ఆడవాళ్లను నేపాల్ యాత్రకు బస్సులో పంపుతానని చెప్పాడు. మా మరదలి కోరిక, ముందు ఆమెతోనే మొదలు అన్నాడు. నడిచే చోట డోలీలు పెట్టిస్తానన్నాడు. డోలీలు! మర్నాడు ఆడవాళ్లు వాకిట్లోకి వచ్చి నా చేతులు పట్టుకున్నారు. "నీ పుణ్యాన మేం గూడ పోతున్నమమ్మా." వాళ్లను ఏమనగలను? వాళ్లు కూడా నాలాగే ఎక్కడికీ పోనివాళ్లు. నా కాళ్లతో నేను చేయాలనుకున్న పనిని ఆయన నలుగురు మోసే పనిగా మార్చి, దానికి ఓట్లు అడిగాడు.

నేను ఆ బస్సు కోసం ఆగదలుచుకోలేదు. మా రైలు తేదీ ఎప్పుడో ఖాయమైంది. తర్వాత చూస్తే పోలింగ్ కూడా సరిగ్గా ఆ రోజే పడింది.

అప్పుడు వాచ్‌మన్ భార్య ఒక మాట అడిగింది. "బార్డరుకాడ కార్డు అడుగుతరు అక్కా. ఓటు కార్డు తెచ్చుకుంటున్నవు గద?"

నా ఓటు కార్డు నా దగ్గర లేదు. మా ఇంటి వాళ్ల కార్డులు, ఊళ్లో సగం మంది కార్డులు, అన్నీ మా బావ బీరువాలో ఉంటాయి. మీరు పోగొడతారని తీసుకున్నాడు. పోలింగ్ నాడు పొద్దున ఆయన మనిషి మా ఇంటి గేటు దగ్గర కూర్చుని పంచుతాడు, ఓటు వేసి రాగానే వెనక్కి తీసుకుంటాడు. ఎవరు వేశారో, ఎవరు వేయలేదో లెక్క తెలియాలి కదా. ఇది అందరికీ తెలిసిన పద్ధతే. ఎవరూ తప్పు అనలేదు, నేనూ అనలేదు. రేషన్ కార్డులో ఇంటిల్లిపాదికీ కలిపి ఒకే ఫోటో, అదీ ఆయన దగ్గరే. నేనొక్కదాన్నే ఉన్న కాగితం ఏదైనా ఉంటే అది ఆ ఓటు కార్డే. అది లేకపోతే సరిహద్దు నుంచి వెనక్కి పంపేస్తారు.

యారాలితో అడిగించాను. ఎన్నికలయ్యాక చూద్దామన్నాడు. ఇంకోసారి అడిగించాను. వినిపించుకోలేదు.

పోలింగ్ ముందు రోజు సాయంత్రం వాకిట్లో కుర్చీలు వేసుకుని మగవాళ్లంతా కూర్చున్నారు. ఛాయ్ గ్లాసులు తిరుగుతున్నాయి. నేను తలుపు దాటి, మెట్లు దిగి, వాళ్ల మధ్యకు వెళ్లి నిలబడ్డాను.

"బావా, నా కార్డు నాకు ఇయ్యుండ్రి."

ఇన్నేళ్లలో ఆయనతో నేను అన్న మొదటి మాట అది. ఆయన నా వైపు చూడలేదు. మా ఆయన వైపు చూశాడు.

"ఏంరా, నీ పెండ్లాం ఏదో అంటాంది."

"లోపలికి పో" అన్నాడు మా ఆయన, తల వంచుకుని.

"నేను ఆయనతోని మాట్లాడుతలేను. మీతోని మాట్లాడుతున్న బావా. నా మొఖం ఉన్న కార్డు మీ బీరువల ఎందుకున్నది?"

"భద్రంగ ఉండనీకి" అన్నాడు, ఇంకా నన్ను చూడకుండానే.

"నేను మంచిగనే ఉన్న. నా దగ్గర అది గూడ మంచిగనే ఉంటది."

మూల కూర్చున్న ఒకాయన నవ్వుతూ, "ఇయ్యరాదా పటేలా, మరదలు ముచ్చటపడి అడుగుతాంది" అన్నాడు. మిగతావాళ్లు నవ్వారు. నేను అడిగేది వాళ్లకు ముచ్చట! ఆ నవ్వుతో మా బావకు ధైర్యం వచ్చింది. అప్పుడు చూశాడు నన్ను.

"రేపు పొద్దుగాల అందరితోని పాటు ఇస్తరు. ఓటేసి మల్ల తెచ్చి ఇయ్యాలె. ఇగ నేపాల్ అంటవా, బస్సుల అందరు పోయినప్పుడు నువ్వు గూడ పోదువు. నేనే పంపిస్త."

"నన్ను మీరు పంపుడేంది?" నా గొంతు వీధిలోకి వినిపించింది, నాకు తెలుసు. "నేనేమన్న పార్సిలా? మొక్కు లేదన్న, బస్సు వద్దన్న, డోలీ వద్దన్న. నా కాళ్లతోని నేను పోతనన్న. ఎవరితోని పోతనో గది గూడ జెప్పిన. గింతకన్న ఇంకేం జెప్పాలె మీకు?"

మా బావ గ్లాసు కింద పెట్టి లేచి లోపలికి వెళ్లిపోయాడు. కార్డు ఇవ్వలేదు.

వంటింట్లో యారాలు కట్టెలపొయ్యి ముందు కూర్చుని ఉంది. "గంత లొల్లి జేసి ఏం సాధించినవు? కార్డు రాకపాయె" అంది. పొయ్యిలోకి ఒక కట్టె తోసి, "అయినా పోతవా?" అంది. "పోత" అన్నాను. "నేను గూడ సూస్త, ఎట్ల పోతవో" అంది. అది ఎత్తిపొడుపో, ఇంకేమైనానో నాకు ఇప్పటికీ తెలియదు. నా సంచి అప్పటికే వాచ్‌మన్ గదిలో ఉంది.

మర్నాడు పొద్దున తలంటు పోసుకుని, చీర కట్టుకుని, కాన్వాస్ బూట్లు వేసుకుని గేటు దగ్గరికి వెళ్లాను. బావ మనిషి పెట్టెలో నుంచి కార్డులు తీసి పంచుతున్నాడు. నాదీ ఇచ్చాడు. ఎండకు కళ్లు చికిలించిన నా ముఖం. జీపులో ఆడవాళ్లు బూట్లు చూసి కిసకిస నవ్వారు. "ఓటు గుద్దనీకి పోతున్నవా, పరుగుపందానికి పోతున్నవా?" అంది యారాలు. బడి దగ్గర దిగి వరుసలో నిలబడ్డాను. లోపల మిషను మీద ఉన్న పేర్లన్నీ పైనుంచి కిందిదాకా కూడబలుక్కుని చదివాను. అధికారి, "అమ్మా, జల్దీ" అన్నాడు. నేను తొందరపడలేదు. నాకు నచ్చిన బొమ్మ పక్కన నొక్కి బయటికి వచ్చాను.

జీపు దగ్గర బావ మనిషి చెయ్యి చాపాడు. "కార్డు ఇయ్యమ్మా."

"ఇయ్య" అన్నాను. జాకెట్టులో పెట్టుకున్నాను.

"పెద్దాయన అడుగుతడు."

"నేను పోయినంక అడుగుమను."

మా ఆయన జీపు పక్కనే ఉన్నాడు. "ఎక్కు" అన్నాడు. ఎక్కనని చెప్పి తిరిగాను. ఆయన వెనక నుంచి పిలిచాడు, ఒక్కసారే. పోలింగ్ రోజు కాబట్టి రోడ్డుకు రెండు వైపులా జనం. అందరూ నన్ను చూశారు. చూడనీ అనుకున్నాను. ప్లాట్ల గేటు దగ్గర వాచ్‌మన్ భార్య ఇద్దరి సంచులూ పట్టుకుని నిలబడి ఉంది. నేను నాది తీసుకున్నాను. ఎండ అప్పటికే చురుక్కుమంటోంది. ఇద్దరం మేడ్చల్ బస్టాండు దాకా నడిచాం.

బస్సు కోసం నిలబడితే మా ఇంటి కారు వచ్చి ఆగింది. డ్రైవరు దిగి, పరుగున వచ్చి నా సంచి అందుకున్నాడు.

"పెద్దాయన పంపిచ్చిండమ్మా. స్టేషన్ దాక కారుల దింపుమన్నడు. మీరు పోతున్నరని ఆయననే అందరికి జెప్తున్నడు, నేనే పంపుతున్న అని. ఎక్కుండ్రి, ఏసీ ఏసిన."

ఆపలేకపోయాక, పంపినట్టు చేస్తున్నాడు. అప్పుడే సికింద్రాబాద్ బస్సు వచ్చింది.

"నన్ను ఎవరు పంపలేదని పోయి జెప్పు" అన్నాను. అతని చేతిలోని నా సంచి గుంజుకుని బస్సు ఎక్కాను.